జానెడు లోతు

పెరట్లో కుళాయి పక్కన బకెట్టులో రాళ్లు కనిపించేసరికి ఆమె చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది. నల్లవి, తెల్లవి, గోధుమరంగువి, నాచు పట్టి పచ్చగా మారినవి. అవి ఉండాల్సింది బకెట్టులో కాదు, హాల్లో కిటికీ పక్కన ఉండే చేపల తొట్టిలో. ఆ తొట్టి ఇప్పుడు గోనెపట్టా మీద నిలబెట్టి ఉంది. అన్నయ్య దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అద్దానికి పట్టిన తెల్లటి మరకల్ని బ్లేడుతో గీకుతున్నాడు.

"వచ్చావా పిచ్చికా. ఆ పాత గుడ్డ ఇటివ్వు," అన్నాడు తలెత్తకుండానే.

బక్కగా ఉంటుందని అన్నయ్య చిన్నప్పుడు పెట్టిన పేరది. కాలేజీకి వెళ్తున్నా ఆ పేరు పోలేదు. పోవాలని ఆమె కోరుకోలేదు కూడా. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన ఒకసారి "పిచ్చికా" అని పిలిస్తే, "అది అన్నయ్య పిలుచుకునే పేరండీ" అని మెల్లగానే చెప్పింది. అప్పట్నుంచి వదిన "అమ్మాయ్" అంటోంది.

"తొట్టి ఎందుకు తీశావ్?"

"మీ వదిన చేప తెచ్చుకుంది. ఇది ఖాళీగానే పడుందిగా."

"ఖాళీగా ఎక్కడుంది? నీళ్లున్నాయి. రాళ్లున్నాయి."

"చేపల్లేవుగా తల్లీ," అని నవ్వాడు. "చేపల తొట్టిలో చేపల్లేకపోతే దాన్ని ఖాళీ అనే అంటారు."

ఆమె గుడ్డ తెచ్చి ఇచ్చి తొట్టి పక్కన కూర్చుంది. అన్ని వైపులా జానెడు వెడల్పు, ఎత్తు మాత్రం మూరెడు. నిలువుగా స్తంభంలా ఉండాలని ఆమె మారాం చేస్తే, గాజు దుకాణంలో పనిచేసే అన్నయ్య మిగిలిన ముక్కల్ని ఏరి తెచ్చి చేసిన తొట్టి. లోపల ఒక మూల, రెండు అద్దాల్ని అతికించిన సిలికాన్ మీద చిన్న గుంట ఉంది. అది ఆరకముందే ఆమె పెట్టిన బొటనవేలు. ఇప్పుడు ఆ గుంటలో వేలు పెడితే గోరు మాత్రమే పట్టింది.

వంటింటి గట్టు మీద గాజు సీసాలో ఉంది ఆ చేప. ఒంటినిండా నీలం, రెక్కల చివర ఎరుపు. ఒంటికంటే తోకే పెద్దది. కుచ్చులు ఎక్కువ పెట్టిన తెరలా నీళ్లలో మడతలు మడతలుగా వేలాడుతోంది. వదిన పనిచేసేది కర్టెన్లు కుట్టే దుకాణంలో. తనకు తగ్గదాన్నే తెచ్చుకుంది అనుకుంది పిచ్చిక.

"ఫైటర్ చేప," అంది వదిన, ఎవరూ అడక్కపోయినా. "ఇంకో మగచేప కనిపిస్తే ఊరుకోదట. అందుకే ఒక్కటే ఉండాలి. మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. తోక బరువు కదా, లోతు ఎక్కువైతే ఎక్కలేదు పాపం."

అమ్మ ఆస్పత్రి లాండ్రీ నుంచి తెచ్చుకున్న నడుంనొప్పితో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "చేపకి ఈత రాదా? బాగుంది సంబడం," అంది. "ఇంకేం, దొరగారికి మెట్లు కట్టించండి."

ఆ పూటనుంచే చేప పేరు దొర అయింది.

అన్నయ్య తొట్టి హాల్లోకి తెచ్చాడు. పిచ్చిక వెనకాలే బకెట్టు మోసుకొచ్చింది. "రాళ్లు నేను పరుస్తా."

"ఒక్క నిమిషం అమ్మాయ్," అని వదిన తన సంచిలోంచి సన్నటి నెట్టుగుడ్డ ముక్క తీసింది. ఒక రాయి తీసుకుని దాని చుట్టూ ఆ గుడ్డని నెమ్మదిగా లాగింది. సగంలో గుడ్డ ఆగింది. కొంచెం లాగితే ఒక పోగు పైకి లేచింది. "దీనికి గుడ్డ పట్టుకుందంటే, దాని రెక్క కూడా పట్టుకుంటుంది. చేపల షాపాయన చెప్పాడు."

"అవి నున్నటి రాళ్లే," అంది పిచ్చిక. తన చెవులు వేడెక్కడం ఆమెకే తెలుస్తోంది. "నేనూ అన్నయ్యా కాలవ గట్టున ఏరాం. ఒక్కొక్కటీ చూసి."

"ఏరాం గానీ, అక్కడ రోడ్డు పనివాళ్ల కంకర కూడా కలిసింది కదే," అన్నాడు అన్నయ్య. వదిన చేతిలోంచి గుడ్డ తీసుకుని ఇంకో రాయి మీద లాగి, "చర్రు"మంటే పకపకా నవ్వాడు. "ఇన్నాళ్లూ మన గోల్డుచేపలు ఎలా బతికాయో! మనం తొట్టిలో రంపం పెట్టాం పిచ్చికా."

ఇద్దరూ నవ్వుతున్నారు. ఇంతకుముందు అన్నయ్య ఎవరినైనా చూసి నవ్వితే తను అతని పక్కన ఉండేది. ఇప్పుడు ఎదురుగా ఉంది.

"తొట్టి కూడా దీనికి పనికిరాదులే," అన్నాడు అతను, అద్దం మీద వేలితో కొలుస్తూ. "ఇప్పటికి నీళ్లు తక్కువ పోద్దాం. ఆదివారం షాపుకి తీసుకెళ్లి విప్పేసి, సగానికి కోసి మళ్లీ అతికిస్తా."

"కోస్తావా?"

"గాజు కోసే డైమండుతో ఒక్క గీత. ఎంతసేపు?"

అడుగున రాళ్ల బదులు జల్లించిన ఇసుక వచ్చింది. వదిన దాన్ని పెరట్లో బేసినులో పోసి, చేత్తో తిప్పుతూ కడిగింది. మురికి నీళ్లు వంచేసి మళ్లీ పోసింది. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆమె వదల్లేదు. అన్నయ్య అద్దం మీద మార్కరుతో నల్లగీత గీశాడు. నీళ్లు అక్కడిదాకానే. పైన సగం తొట్టి ఉత్తిదే. "సగం పోసి ఎవరో పిలిస్తే వెళ్లిపోయినట్టుంది," అంది అమ్మ.

రాళ్లలో కొన్నింటిని అన్నయ్య కుళాయి దగ్గర బురదలో పరిచాడు, కాలు జారకుండా. మర్నాడు పొద్దున పళ్లు తోముకోవడానికి వెళ్లి, వాటిమీద అందరి చెప్పుల అచ్చులూ చూసింది పిచ్చిక. ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటీ ఏరి, కడిగి, బకెట్టులో వేసి తన మంచం కిందకి తోసేసింది.

*

అన్నయ్య పని నుంచి వచ్చేటప్పుడు గేటు దగ్గర్నుంచే కేకేసేవాడు, "పిచ్చికా, మంచినీళ్లు!" అని. ఆమె ఆ కేక కోసం చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టుకుని ఎదురుచూసేది. ఇప్పుడు అతను చెప్పులు విప్పి తిన్నగా కిటికీ దగ్గరికే వెళ్తున్నాడు. వంగి, అద్దానికి ముక్కు ఆనించి, "దొరగారు భోంచేశారా?" అంటున్నాడు. వదిన "మీకంటే ముందే తిన్నారండీ" అంటోంది. మంచినీళ్ల గ్లాసు కూడా ఆమె చేతిలోనే సిద్ధంగా ఉంటోంది.

చేప మీద అసూయపడటం ఏమిటని పిచ్చిక తనని తాను తిట్టుకుంది. తిట్టుకుని మళ్లీ అటే చూసింది. అన్నయ్య వేలు అద్దం మీద ఆనిస్తే దొర ఆ వేలి వెంటే వస్తోంది. ఆమె వేలు ఆనిస్తే మొప్పలు విప్పి, మెడ చుట్టూ నల్లటి పట్టీలా చేసుకుని, ఒళ్లంతా విరుచుకుంటోంది.

"దొరకి నీ మీద కోపమేంటే?" అంది అమ్మ.

"దాని యజమానురాలిని అడుగు."

మాట అనేశాక చూస్తే వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఉన్న కప్పుని గట్టు మీద పెట్టేసి, వెనకనున్న స్టీలు గ్లాసు తీసుకుంది. ఆ కప్పు పిచ్చికది. ఆ సంగతి ఎవరూ వదినకి చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఆమెకి ఎలా తెలిసిందో పిచ్చికకి అర్థం కాలేదు.

*

శనివారం ఒంటిపూట కాలేజీ. ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ లాండ్రీలో, అన్నయ్య గాజు దుకాణంలో, వదిన కర్టెన్ల దగ్గర. పిచ్చిక అన్నం తిని కంచం కడిగి తొట్టి ముందు కూర్చుంది. రేపు ఈపాటికి ఇది ముక్కలై ఉంటుంది.

లోతు పోస్తే ఏమవుతుంది? చేప నీళ్లలో పుట్టేదేగా. నిండా పోసినా అది హాయిగా తిరిగితే, అన్నయ్యకి చూపించొచ్చు. కొయ్యక్కర్లేదని తేలిపోతుంది. ఆ ఆలోచన ఆమెకి ఎంతో న్యాయంగా అనిపించింది. రాళ్లు కూడా వెయ్యాలని ఎందుకు అనిపించిందో మాత్రం ఆమె ఆలోచించలేదు.

మంచం కింది నుంచి బకెట్టు లాగింది. చెయ్యి తొట్టిలోకి దించి, ఇసుక మీద రాళ్లు ఒక్కొక్కటీ పేర్చింది. దొర ఆమె మణికట్టు మీదకి విరుచుకుపడి, వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చింది. "పోవోయ్," అంది ఆమె. కుళాయి నీళ్లు పనికిరావని వదిన ముందురోజే పట్టి ఉంచే నీళ్లు పెరట్లో బకెట్లలో ఉన్నాయి. ఇసుక చెదరకుండా ఒక పళ్లెం అడ్డుపెట్టి, దానిమీద చెంబుతో నెమ్మదిగా పోసింది. నీళ్లు నల్లగీత దాటాయి. తొట్టి అంచు కిందిదాకా వచ్చాయి. పళ్లెం తీసి, లైటు వేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసింది.

తొట్టి మళ్లీ తనదైంది. మూరెడు నీళ్లు, అడుగున నాచుపట్టిన రాళ్లు, కిటికీ వెలుగు.

దొర పైకి వెళ్లి ఒక గుక్క గాలి తాగింది. "చూశావా?" అంది పిచ్చిక, లేని వదినతో.

దిగేటప్పుడు అది వెనక అద్దం దగ్గర ఆగింది. లైటు వెలుగులో ఆ అద్దంలో ఇంకో నీలం చేప ఉంది. దొర మొప్పలు విప్పింది. అవతలిది కూడా విప్పింది. దొర తోక విసిరి అద్దాన్ని గుద్దింది. గుద్దుతూ కిందికి, అక్కడ్నుంచి రాళ్ల దాకా దిగిపోయింది. అక్కడ కాసేపు ఆగి, పైకి బయల్దేరింది. సగం ఎక్కింది. తోక బరువుకి నిలువుగా అయి, రెక్కలు గబగబా కొట్టుకుని, ఎక్కలేక వెనక్కి జారింది. మళ్లీ ఎక్కింది. ఈసారి సగం కూడా రాలేదు. రాళ్ల మధ్య పక్కకి ఒరిగి, పడుకున్నట్టు ఉండిపోయింది.

"అలిసిపోయింది. అంతే," అంది పైకే.

అది కదిలింది. కదిలితే తోక కదల్లేదు. ఒక రాయి పట్టుకుంది. దొర ఒక్కసారి విదిలించుకుంది. ఎర్రటి అంచు నుంచి సన్నటి పోగు ఒకటి విడిపోయి నీళ్లలో ఊగింది. నెట్టుగుడ్డలోంచి లేచిన పోగులాగే.

పిచ్చిక చెంబు అందుకుంది. చెంబు ముంచి నీళ్లు నేలమీదే పారబొయ్యడం మొదలుపెట్టింది. ముంచినప్పుడల్లా అలలు లేచి, చేప అటూ ఇటూ పొర్లుతోంది. గేటు చప్పుడు కూడా వినబడలేదు.

"కొలత టేపు మరిచిపోయా, ఎక్కడ పెట్..." అంటూ వచ్చిన వదిన గుమ్మంలో ఆగిపోయింది. నేల చూసింది. తొట్టి చూసింది.

అరుస్తుంది అనుకుంది పిచ్చిక. అరిస్తే బాగుండుననుకుంది. వదిన భుజాన సంచి అలాగే ఉంచి, చేతిని మోచేతి పైదాకా తొట్టిలోకి దించింది. అడుగున ఒరిగి ఉన్న చేప కిందికి అరచెయ్యి జొనిపి, నెమ్మదిగా పైకి లేపుకొచ్చింది. నీటి పైపొర కింద ఆ చెయ్యి అలాగే ఆగింది. దొర అరచేతిలో పడుకుని, మూతి మాత్రం పైకి పెట్టి గాలి తాగింది.

"చెంబుతో వద్దు. కుదుపుతుంది. పైపు ఉందిగా, దాంతో తియ్యి," అంది వదిన.

పిచ్చిక పైపు ఒక చివర తొట్టిలో వేసి, రెండో చివర నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చింది. భయంలో మరీ గట్టిగా పీల్చేసింది. నోటినిండా తొట్టి నీళ్లు. కక్కలేక, మింగలేక, బుగ్గలు పూరించుకుని బకెట్టు కోసం వెతుక్కుంటుంటే వదినకి నవ్వొచ్చింది. చెయ్యి కదలకూడదని నవ్వు ఆపుకుంటుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

నీళ్లు నల్లగీత దాకా దిగాయి. వదిన చెయ్యి తీసేసింది. వేళ్లు ముడతలు పడ్డాయి.

"అన్నయ్యకి చెప్పండి," అంది పిచ్చిక, నోరు తుడుచుకుని. "చెప్పకండి అని నేను అడగను."

"నిన్నేమన్నా అడిగానా నేను?" వదిన నేల మీదే కూలబడింది. "చేపల షాపులో చిన్న తొట్టి ఉంది తెలుసా? తక్కువ లోతుది. అది కావాలన్నా. మీ అన్నయ్య 'ఎందుకు, మా పిచ్చిక తొట్టి ఉందిగా' అన్నారు." చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఆగింది. "ఈ ఇంట్లో కప్పు తీస్తే పిచ్చికది. కిటికీ దగ్గర కూర్చుంటే అది పిచ్చిక చోటు. కూర వండితే 'మా పిచ్చికకి ఇది ఇష్టం' అంటారు. నాదంటూ ఒక ప్రాణి ఉండాలని చేప తెచ్చుకున్నా. చివరికి దానికీ నీ ఇల్లే."

పిచ్చిక తలెత్తింది. 'మా పిచ్చిక.' అన్నయ్య తను లేనప్పుడు కూడా తన పేరే తలుచుకుంటున్నాడు. ముందు సంతోషం వేసింది. అది చాలా పెద్ద సంతోషం. దాని వెనకాలే, ఇది సంతోషించాల్సిన చోటు కాదని తెలిసి సిగ్గు వేసింది. ఇన్నాళ్లూ ఎదుటి మనిషి తన చోటు లాక్కుందనుకుంది. వదినకి కూర్చోడానికి చోటే దొరకలేదు.

"మీకు... నామీద కుళ్లా?"

"మరి? నీకొక్కదానికే ఉంటుందనుకున్నావా?" అంది వదిన.

దొరని సీసాలోకి మార్చారు. ఇసుకలోంచి రాళ్లు తియ్యాలి. తొట్టిని పెరట్లోకి మోసుకెళ్లి, గోనెపట్టా మీద మెల్లగా పక్కకి పడుకోబెట్టారు, అడుగుదాకా చెయ్యి అందాలని. పిచ్చిక ఒక రాయి తీసింది. రెండోది తియ్యబోతూ ఆగిపోయింది. పడుకోబెట్టిన తొట్టి మూరెడు పొడుగ్గా, జానెడు ఎత్తుగా ఉంది.

"వదినా, ఇలా చూడు."

"ఏంటి?"

"ఇలాగే ఉంచేస్తే? పైనున్న ఈ ఒక్క అద్దం విప్పాలి. తెరిచి ఉన్న మూతి వైపు జానెడు ముక్క ఒకటి అతికించాలి. కొయ్యక్కర్లేదు. జానెడే లోతు."

వదిన సంచిలో చెయ్యి పెట్టింది. టేపు అక్కడ లేదు, దానికోసమే కదా వచ్చింది. జానతోనే కొలిచింది. ఇటు, అటు. "ఫైటర్లు ఎగిరి దూకుతాయట. మూత కావాలన్నాడు షాపాయన."

"విప్పిన అద్దమే మూత."

వదిన ఆ అద్దం వైపు, తర్వాత ఆమె వైపు చూసింది. "గాజు కోసేవాళ్లకి కొయ్యడమే గుర్తొస్తుందేమో," అంది.

వదిన ఇక దుకాణానికి వెళ్లలేదు. ఆ మిగిలిన మధ్యాహ్నమంతా ఇద్దరూ కుళాయి దగ్గర కూర్చుని రాళ్లు పరీక్షించారు. ఒకరు గుడ్డ పట్టుకుంటే ఒకరు రాయి తిప్పారు. గుడ్డ జారినవి ఒకవైపు, పట్టుకున్నవి ఒకవైపు. పట్టుకున్నవే ఎక్కువ. జారినవి గుప్పెడు. పిచ్చిక వాటిని లెక్కపెట్టుకోలేదు, గానీ ఒక్కటీ పోనివ్వలేదు.

*

ఆదివారం పొద్దున అన్నయ్య ఆ ఉపాయమంతా విని, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది నాకెందుకు తట్టలేదు?" అన్నాడు. షాపు నుంచి జానెడు అద్దంముక్క, సిలికాన్ గన్ను తెచ్చాడు. సీసాలో దొరని చూసి, "దీని తోకేంటి, చిరిగింది?" అన్నాడు.

"రాళ్లు తీసేటప్పుడు తగిలిందండీ," అంది వదిన.

ఆ దయ పిచ్చికకి నచ్చలేదు. ఆమెకి ఎవరి దయా అక్కర్లేదు, ముఖ్యంగా ఈమెది. "నేనే," అంది. "నిండా నీళ్లు పోశా. రాళ్లు కూడా వేశా."

"ఎందుకే?"

"తొట్టి కొయ్యకూడదని."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా."

"ఆ మాట నువ్వు నన్ను అడగొచ్చుగా."

అన్నయ్య తొట్టి వైపు తిరిగాడు. బ్లేడు తీసుకుని గోనెపట్టా మీద కూర్చున్నాడు. నాలుగు అద్దాలూ ఒకేలాంటివి. ఏది విప్పినా ఒకటే. చేతికి దగ్గరగా ఉన్న మూలలో బ్లేడు మొన ఆనించాడు. ఆ మూలే. పిచ్చిక బొటనవేలి గుంట ఉన్న మూలే. చెప్తే ఆగుతాడు. కానీ చెప్పకుండా ఆగాలి. అతనికే గుర్తుండాలి.

బ్లేడు సిలికాన్‌లో దిగబోయింది.

"అటు వద్దండీ. ఇటు పక్కది విప్పండి," అంది వదిన.

"ఏం?"

"ఇటే విప్పండి అంటున్నాగా."

అన్నయ్య భుజాలు ఎగరేసి తొట్టిని తిప్పుకున్నాడు. పిచ్చిక వదిన వైపు చూసింది. నిన్న రాళ్లు తీశాక తొట్టి కడిగింది ఆమే కదా. లోపలి మూలలన్నీ వేలితో తుడిచింది ఆమే. వదిన మాత్రం ఎటూ చూడకుండా ఇసుక తిప్పుతోంది. గుర్తుపెట్టుకోవాల్సిన మనిషి మరిచిపోయి, అక్కర్లేని మనిషి గుర్తుపెట్టుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో పిచ్చికకి తెలియలేదు.

అద్దం విడివడి వచ్చింది. అంచులు గీకి, జానెడు ముక్క పెట్టి, గన్నుతో తెల్లటి గీతలా సిలికాన్ పూసి, వేలు తడిచేసుకుని ఒక్క ఊపులో నున్నగా లాగాడు. "ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి," అని చేతులు కడుక్కోడానికి వెళ్లాడు.

ఇద్దరూ ఆ తడి మూల వైపు చూశారు. వదిన అటూ ఇటూ చూసి, చిన్నపిల్లలా బొటనవేలు చాపి, చటుక్కున నొక్కి తీసేసింది. వేలికి అంటుకున్నదాన్ని కొంగులో దాచుకుంది.

పిచ్చిక గుండెలో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. ఇంతవరకు ఆ తొట్టిలో ఉన్నది ఒకే వేలు.

అన్నయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూశాడు. "పిచ్చికా!" ఆ కేకకి లోపల మంచం మీదున్న అమ్మ కూడా ఉలిక్కిపడింది. "నీ చెయ్యి ఊరుకోదా? అప్పుడూ ఇంతే, ఆరకముందే బొటనవేలు దింపావ్! ఇదిగో, ఈ మూల, ఇప్పటికీ ఉంది చూడు నీ నిర్వాకం! ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

గుర్తుంది. ఏ మూలో కూడా గుర్తుంది.

"ఏవండీ, అది..." అంటూ వదిన కొంగులోంచి వేలు తియ్యబోయింది. పిచ్చిక పక్కకి జరిగి ఆమె కాలు తొక్కింది, గట్టిగానే. వదిన "అబ్బా" అని ఆగిపోయింది.

తొట్టిలో చోటిచ్చింది. కిటికీ దగ్గర కూడా రేపట్నుంచి ఇవ్వగలదేమో. ఈ తిట్టు మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. తల వంచుకుని, నవ్వు కనబడకుండా, చివరిదాకా నిలబడి మొత్తం తనే తిట్లు తింది.